తాతగారి రస్టన్ ఇంజను: తూకానికి అమ్మేయాలా, ఉంచుకోవాలా?

తణుకు వాసి:
మాది తణుకు దగ్గర పల్లెటూరు. తాతగారు నడిపిన బియ్యం మిల్లు షెడ్డులో పెద్ద రస్టన్ ఆయిల్ ఇంజను ఉంది. అడ్డం సిలిండరు, పక్కనున్న ఫ్లైవీలు చక్రం నా భుజం దాకా వస్తుంది. కరెంటు మోటారు పెట్టాక దాన్ని ఆపేశారు, నాకు ఊహ తెలిసేసరికే అది ఆగిపోయి ఉంది. ఇప్పుడు పైన రేకులు ఎగిరిపోయి వాన నేరుగా దాని మీదే పడుతోంది. అన్నయ్య షెడ్డు తీసేసి ట్రాక్టరుకి జాగా చేద్దామంటున్నాడు, పాత ఇనుము కొనేవాళ్ళు రెండుసార్లు వచ్చి కిలో లెక్కన బేరం అడిగి వెళ్ళారు. నాన్నగారు ఏమీ అనరు కానీ మొన్న వాళ్ళు వచ్చినప్పుడు లేచి లోపలికి వెళ్ళిపోయారు. నాకైతే అమ్మడం ఇష్టం లేదు. ఫ్లైవీలు చేత్తో తిప్పితే కదలట్లేదు. రంగేసి ఇంటి ముందు పెట్టాలా, మళ్ళీ నడిపించాలా, మ్యూజియంకి ఇచ్చేయాలా? నెలాఖరులోపు అన్నయ్యకి ఏదో ఒకటి చెప్పాలి, టెన్షన్‌గా ఉంది.

డీజిల్ మెకానిక్:
తమ్ముడూ, ముందు దాని మీద ఒక టార్పాలిన్ కప్పు, మిగతావన్నీ తర్వాత. గాలి ఆడేలా కప్పాలి, బిగించి కట్టేస్తే లోపల చెమ్మ పట్టి ఇంకా పాడవుతుంది. సైలెన్సర్ గొట్టం నోరు పైకి ఉంటే దాన్నీ మూసెయ్, వాన నీళ్ళు అందులోంచే సిలిండర్లోకి దిగుతాయి.

కదలట్లేదంటే పిస్టన్ పట్టేసినట్టు. సమ్మెటతో కొట్టొద్దు, ట్రాక్టరుతో లాగొద్దు. సిలిండర్లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ విప్పి ఆ కంతలోంచి డీజిల్, గేరాయిల్ కలిపి పొయ్యి. అడ్డం సిలిండరు కాబట్టి నూనె కింది వైపే నిలుస్తుంది, పై వైపు రింగులకి అందదు, అందుకని వెనక క్రాంకు వైపు నుంచి కూడా పిస్టన్ చుట్టూ పోస్తూ ఉండాలి. వారం, పది రోజులు, అవసరమైతే నెల. రోజూ ఇద్దరు పట్టుకుని ఫ్లైవీలుని ముందుకీ వెనక్కీ కొద్దిగా ఊపండి. ఒక వెంట్రుకవాసి కదిలినా చాలు, దారికొచ్చినట్టే.

కదిలింది కదా అని వెంటనే స్టార్ట్ చెయ్యకు. ఫ్యూయల్ పంపు, స్పీడుని అదుపులో ఉంచే గవర్నర్ రాడ్డు జామ్ అయి ఉంటే ఇంజను అందుకున్నాక స్పీడు పెరుగుతూనే ఉంటుంది, ఆపడం నీ చేతిలో ఉండదు. అంత పోత ఇనుము చక్రం పగిలితే షెడ్డులో ఎవరూ మిగలరు. పక్కన ఇంజను స్టార్ట్ చేసే గాలి సిలిండరు ఉంటే టెస్ట్ చేయించకుండా గాలి ఎక్కించొద్దు. సైలెన్సర్ గొట్టానికి తెల్ల తాడు చుట్టి ఉంటే అది ఆస్బెస్టాస్ కావచ్చు, దాని దుమ్ము ఊపిరితిత్తులకి చేటు, గీకొద్దు.

పాలకొల్లు:
మాదీ ఇలాంటి ఇంజనే ఉండేది. మా బాబాయి ఒప్పుకున్నారు, అమ్మేశాం. మొత్తంగా ఎత్తుకెళ్తారనుకున్నాను. వాళ్ళు సమ్మెటలు తెచ్చి అక్కడే పగలగొట్టారు, పోత ఇనుము కాబట్టి పెంకుల్లా విరిగిపోయింది, ఫ్లైవీలు ఆకులు ఒక్కొక్కటీ విరుగుతుంటే ఊళ్ళోకి వినపడింది. ఇత్తడి ఆయిల్ కప్పులు, నేమ్‌ప్లేటు అంతకు ముందే ఎవరో ఊడదీసుకుపోయారు. మీ ఇంజనుకి అవి ఉంటే ఈరోజే విప్పి ఇంట్లో పెట్టండి అన్నా. దయచేసి తూకానికి మాత్రం ఇవ్వొద్దు.

పాత యంత్రాలు:
రంగు వద్దండి. ఎంత మంచి పెయింటరైనా సరే. జిడ్డు కింద కంపెనీ వేసిన రంగు ఇంకా ఉంటుంది, గ్రైండరుకి వైరు బ్రష్ పెట్టి తోమారంటే అది మళ్ళీ రాదు. డీజిల్‌లో ముంచిన గుడ్డతో తుడిచి, పైన పల్చగా ఇంజనాయిల్ రాయండి, అంతే.

నడిపి తీరాలన్న మాటతో కూడా నేను ఏకీభవించను. నడవకపోయినా దాని విలువ దానిదే. 1907లో పటియాలా సంస్థానంలో మోనోరైలు వేశారు, బెర్లిన్‌లో తయారైన ఇంజన్లతో. 1927లో మూసేశాక ఇంజన్లు అక్కడి పీడబ్ల్యూడీ షెడ్డులో 35 ఏళ్ళు పడి ఉన్నాయి. 1962లో మైక్ సాటో అనే ఆయన కంటపడ్డాయి. అమృత్‌సర్ రైల్వే వర్క్‌షాపులో ఒక ఇంజను బాగు చేశారు, ఇప్పుడది ఢిల్లీ రైల్ మ్యూజియంలో ఉంది. ఆ 35 ఏళ్ళలో ఎవరో ఒకరు తూకానికి పంపేసి ఉంటే?

మ్యూజియంకే ఇవ్వాలనుకుంటే ముందు లోపల పెడతారా ఆరుబయట పెడతారా అడిగి, కాగితం మీద రాయించుకోండి. ఆరుబయటైతే మీ షెడ్డే నయం.

డీజిల్ మెకానిక్:
నడిపి తీరాలని నేను అనలేదండి. పట్టేసిన పిస్టన్ అలాగే వదిలేస్తే తుప్పు లోపలికి తింటూ పోతుంది, తిరిగేలా ఉంచమంటున్నాను.

తణుకు వాసి:
అందరికీ థ్యాంక్స్. నిన్న టార్పాలిన్ కప్పాం. పాలకొల్లు అన్న చెప్పాక రాత్రే టార్చి వేసుకుని వెళ్ళాను. నేమ్‌ప్లేటు ఉంది! వేలు మందం గ్రీజు కింద "రస్టన్ అండ్ హార్న్స్‌బీ, లింకన్, ఇంగ్లండ్" అని, కింద నంబరు. 1918లో రెండు కంపెనీలు కలిసి ఆ పేరు వచ్చిందట, కాబట్టి మా ఇంజను అంతకన్నా పాతది కాదు. ఆయిల్ కప్పులు మూడు ఉండాలి, రెండే ఉన్నాయి. ఆ మాట నాన్నగారితో అంటే లేచి వెళ్ళి బీరువా పైనున్న డబ్బాలోంచి మూడోది తెచ్చిచ్చారు, ఇన్నాళ్ళూ ఆయన దగ్గరే ఉంది. ఎప్పుడు విప్పారో, ఎందుకు దాచారో చెప్పలేదు.

అన్నయ్య కూడా అప్పుడు అక్కడే ఉన్నాడు. ట్రాక్టరుకి పక్కన వేరే రేకుల షెడ్డు వేద్దాంలే, ఇది దసరా దాకా ఇలాగే ఉండనీ అన్నాడు. రేపు ఇంజెక్టర్ విప్పుతాను. నట్లు బాగా తుప్పు పట్టాయి, వేడి చేసి విప్పొచ్చా, లేక వాటికీ ముందు నూనె పోసి ఉంచాలా?

డీజిల్ మెకానిక్:
నూనె పోసి మూడు రోజులు ఆగు. వేడి వద్దు. చుట్టూ అంత జిడ్డు ఉంది, అంటుకుంటుంది.