"అ ఖుష్లా" అని వెనక నుంచి పిలిస్తే తెలుగులో ఏమనాలి?

చినుకు:
అందరికీ నమస్కారం. ఒక్క పిలుపు దగ్గర నాలుగు రోజులుగా బండి ఆగిపోయింది. తలో చెయ్యీ వేసి కాస్త తొయ్యండి.

మా పెద్దమ్మకి కంటి ఆపరేషన్ అయింది. నెలరోజులు పుస్తకం ముట్టుకోవద్దన్నారు. వారపత్రికల సీరియళ్ళు కత్తిరించి బైండు చేయించుకున్న మనిషి, ఊరుకుంటుందా? "నువ్వు చదివేదేదో నాకూ చెప్పవే" అంది. నేను చదివేవి ఐర్లండ్ ప్రేమకథలు. కాలేజీ రోజుల నుంచీ నా పిచ్చి అదే. సరేనని రాత్రి అన్నాలయ్యాక మంచం పక్కన కూర్చుని, ఇంగ్లీషులో చూస్తూ తెలుగులో చెప్పుకుపోతున్నాను. ముందు నోరా రాబర్ట్స్ ఆర్డ్‌మోర్ నవలలు మూడూ అయ్యాయి. 1999లో ఒకటి, 2000లో రెండు వచ్చాయవి. సముద్రం ఒడ్డున చిన్న ఊరు, అక్కడ పబ్ నడిపే ఇద్దరన్నదమ్ములూ ఒక చెల్లెలూ. పబ్ అంటే ఏమిటే అని అడిగింది. "కాఫీ హోటల్లాంటిదే పెద్దమ్మా, కాకపోతే సాయంత్రం పూట" అని దాటేశాను. రెండో రోజుకే కనిపెట్టేసింది. "సారా కొట్టు అని చెప్పచ్చుగా, నేనేమన్నా వద్దన్నానా?"

ఇప్పుడు ఇంకో నవల నడుస్తోంది. హీరోయిన్ అలిగి వానలో నడిచి వెళ్ళిపోతుంటుంది. హీరో గుమ్మంలో నిలబడి, వాళ్ళ ఐరిష్ భాషలో "అ ఖుష్లా" అంటాడు. ఆ అమ్మాయి ఆగుతుంది. అంతే సీను. పేజీ అడుగున అర్థం ఇచ్చారు, "గుండె నాడి" అని. పూర్తిగా అయితే "అ ఖుష్లా మ ఖ్రీ", నా గుండె నాడి. నేను గుక్క తిప్పుకోకుండా "నా హృదయ నాడీ!" అనేశాను. పెద్దమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా, "ఆ అబ్బాయి ఆయుర్వేదం డాక్టరా?" అంది.

ఏమనాలో చెప్పండి. ఆ అమ్మాయి నాలుగు రోజులుగా వానలోనే నిలబడి ఉంది.

వేపపుల్ల:
"జీవనాడీ" అనండి. కాకపోతే పెద్దమ్మగారికి ప్రాజెక్టుల మీద సంపాదకీయం వింటున్నట్టుంటుంది. "ఈ కాలువ మూడు జిల్లాలకు జీవనాడి." తెలుగులో నాడిని డాక్టర్లూ విలేఖర్లూ పంచేసుకున్నారు, ప్రేమికులకి మిగల్లేదు.

అట్టముక్క:
నేను కొన్నాళ్ళు అనువాదాలు చేశాను కాబట్టి ఒక మాట. అర్థాన్ని పట్టుకుంటే ఇది తెగదు. "గుండె చప్పుడా" అంటే చప్పుడు చెయ్యొద్దని కసిరినట్టుంటుంది. "ప్రాణేశ్వరీ" అంటే వెనకాల హార్మోనియం మొదలవుతుంది. కాస్తో కూస్తో నిలబడేది "నా ప్రాణమా". అది కూడా పాటలో బాగుంటుంది, వానలో గుమ్మం దగ్గర నిలబడి ఎవరంటారు చెప్పండి?

ఇంకో సంగతి. ఆ నవలల ఇంగ్లీషే మామూలు ఇంగ్లీషు కాదు, కింద ఐరిష్ పారుతుంటుంది. ఇంటికొచ్చినవాళ్ళు "హిమ్‌సెల్ఫ్ ఉన్నారా?" అని అడుగుతారు. దాన్ని "తనంతట తానే ఉన్నాడా" అని ఒక కుర్రాడు అనువదించి నాకు చూపించాడు. నవ్వలేక చచ్చాను. అది మన "ఆయన ఉన్నారా?" అంతే. ఇంటి యజమాని పేరెత్తకుండా అడగడం. మన ఆడవాళ్ళు "మా ఆయన" అని, ఇంకా పాతకాలం వాళ్ళు వట్టి "ఆయన" అని సరిపెట్టినట్టు, అక్కడ "హిమ్‌సెల్ఫ్". ఆడవాళ్ళైతే "హర్‌సెల్ఫ్".

అలాగే పెళ్ళి చేసుకుంటావా అంటే అవును, కాదు అనరు, "చేసుకుంటా" అంటారు. ఐరిష్‌లో అవునుకీ కాదుకీ విడిగా మాటల్లేవు, అడిగిన క్రియనే తిప్పి చెప్పాలి. మనకి మాటలున్నా మనం చేసేది అదేగా. "వస్తావా?" "వస్తా." ఇలాంటి చోట ఇంగ్లీషుకన్నా తెలుగులోనే ఆ పాత్రలు సుఖంగా ఊపిరి పీల్చుకుంటాయని నా అనుభవం.

మేష్టారు:
అమ్మా చినుకూ, మంచి మాట తెచ్చావు. అసలు మాట "కుష్లా" తల్లీ, "ఖుష్లా" కాదు. కుష్లా అంటే నాడి, రక్తనాళం. ముందున్న "అ" మన "ఓ" లాంటిది. ఓ, ఓరి, ఓయి, ఓసి సంబోధన ప్రథమా విభక్తి అని చిన్నప్పుడు వల్లె వేశాం చూడు, అదే. ఆ "అ" వచ్చి ముందు నిలబడగానే వెనకున్న క మెత్తబడి ఖ అవుతుంది. మన ఒత్తు ఖ కాదది, గొంతు రాసుకుంటూ వచ్చే ఖ. హైదరాబాదు వాళ్ళకి నేర్పక్కర్లేదు, "ఖబర్" అన్నప్పుడు వచ్చేదే.

ఇక్కడే నాకు ముచ్చటేస్తుంది. మాట మొదటి హల్లు, ముందున్న మాటని బట్టి మారడం లోకంలో అన్ని భాషల్లోనూ ఉండదు. మనకుంది. ద్వంద్వ సమాసంలో రెండో మాట మొదట ఉన్న పరుషాలకి, అంటే క చ ట త ప లకి, గసడదవలు వస్తాయని చిన్నయసూరి బాలవ్యాకరణంలో చెప్పాడు. కూర, కాయ కలిసి కూరగాయలు. తల్లి, తండ్రి కలిసి తల్లిదండ్రులు. అన్న, తమ్ముడు కలిసి అన్నదమ్ములు. ఊరు, పల్లె కలిసినప్పుడు ఊరువల్లెలు, అంటే ప వచ్చి వ అయింది. ఐర్లండ్ వాళ్ళకి బ వచ్చి వ అవుతుంది. 1806లో సిడ్నీ ఓవెన్‌సన్ అనే ఆవిడ రాసిన "ది వైల్డ్ ఐరిష్ గర్ల్" నవలలో నాయిక పేరు గ్లోర్వినా. ఇంగ్లీషు కుర్రాడు ఐర్లండ్ వెళ్ళి అక్కడి పిల్లని ప్రేమించడం అనే కథకి ఆ పుస్తకం పెద్దమ్మలాంటిది. గ్లోర్ అంటే గొంతు, బిన్ అంటే తియ్యనిది. రెండూ కలిస్తే గ్లోర్‌విన్. చూశావా, బిన్ కాస్తా విన్ అయింది. వీణ తెలిసిన పిల్లకి ఆ పేరు చక్కగా ఉంది అనుకో, అది వేరే సంగతి. ఆ పిల్ల వాయించేది హార్ప్.

ఇంతటితో అయిపోలేదు. "నా గుండె" అంటే మ ఖ్రీ. "మన గుండె" అంటే ఆర్ గ్రీ. అదే క్రీ, "నా" తర్వాత ఖ్రీ, "మన" తర్వాత గ్రీ! ఈ రెండో మార్పు ఎందుకంటే, ఆ "మన" అనే మాట చివర ఒకప్పుడు ముక్కుతో పలికే అక్షరం ఉండేది. అది రాలిపోయింది, పోతూ పోతూ పక్క మాటలో క ని గ చేసి పోయింది. మన ద్రుతం, అంటే మాట చివరి న, చేసేదీ ఇదే. పూచెను, కలువలు. "పూచెఁ గలువలు." న పోయింది, అరసున్న మిగిలింది, క గ అయింది. ముప్ఫయ్యేళ్ళు పిల్లలకి సరళాదేశ సంధి చెప్పాను, ఒక్కడూ నా మొహం చూళ్ళేదు. ఐర్లండ్‌లో కూడా ఇదే గొడవ ఉందని తెలిస్తే చూసేవాళ్ళేమో.

చుట్టరికం మాత్రం అంటగట్టకండి బాబూ. వాళ్ళది వేరే కుటుంబం, మనది వేరే.

వేపపుల్ల:
మేష్టారూ, ప్రేమకథ మధ్యలో సంధులు విడదీశారు. అమ్మాయి ఇంకా తడుస్తోంది.

డబ్లిన్ గోంగూర:
ఆరేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను. ఆశ పెట్టుకున్నవాళ్ళకి చెడు వార్త: నాతో ఇప్పటిదాకా ఎవరూ "అ ఖుష్లా" అనలేదు. షాపులో పెద్దావిడలు "లవ్" అనో "పెట్" అనో అంటారు. పెట్ అన్నప్పుడు మొదట్లో ఒళ్ళు మండేది, కుక్కపిల్లనా అని. తర్వాత అలవాటైంది. ఐరిష్ బోర్డుల మీద, బస్సుల మీద కనిపిస్తుంది. వచ్చిన కొత్తలో బస్సు నుదుట "అన్ లార్" అని చూసి అది ఏదో ఊరనుకున్నాను. సిటీ సెంటర్ అని అర్థంట. 2022 జనాభా లెక్కల్లో, బడి బయట రోజూ ఐరిష్ మాట్లాడేది 71,968 మంది అని తేలింది. అందుకని నవలల్లో ప్రతి పబ్ ఓనరూ గుక్కకొక ఐరిష్ ముద్దుమాట వాడుతుంటే ఇక్కడి వాళ్ళు కళ్ళు తిప్పుతారు.

కానీ ఆర్డ్‌మోర్ విషయంలో మరీ తీసిపారెయ్యను. అది నిజం ఊరే, వాటర్‌ఫర్డ్ కౌంటీలో ఉంది. కొండ మీద సన్నగా ఎత్తుగా రాతి గుండ్రటి గోపురం, కింద సముద్రం. అదే కౌంటీలో అన్ రిన్ అనే చోట ఐరిష్ ఇప్పటికీ ఇళ్ళలో మాట్లాడతారు. ఆ చుట్టుపక్కల ముసలాయన ఎవరైనా "అ స్టోర్" అంటే అది నవల కోసం అన్నట్టు కాదు. స్టోర్ అంటే నిధి. మన "బంగారం" అనుకోండి.

ఇంకా ఉన్నాయి. "అ రూన్" అంటారు. రూన్ అంటే రహస్యం! ప్రియురాలిని "ఓ నా రహస్యమా" అని పిలవడం. "అ లాన్వ్" అంటే ఓ పాపా అని, ఇంగ్లీషు నవలల్లో అది "అలానా" అయి కూర్చుంది. ఎదిగిన ఆడపిల్లని కూడా అలాగే పిలుస్తారు. మనం తిరకాసు కదా, చంటిపిల్లని పట్టుకుని "అమ్మా" అంటాం, ఉయ్యాల్లో ఉన్నవాణ్ణి "నాన్నా" అంటాం.

అట్టముక్క:
గోంగూర గారూ, రూన్ సంగతి బాగుంది. పాత ఐరిష్ కవిత్వంలో ఇంకా వింత పిలుపులున్నాయి. 1773లో ఆర్ట్ ఓలియరీ అనే ఆయన్ని కాల్చి చంపేస్తే భార్య ఐలీన్ శవం మీద పడి ఏడుస్తూ కట్టిన శోకగీతం ఒకటుంది. మొదలే "మొ గ్రా గొ డాంగన్ తూ", నా చెక్కుచెదరని ప్రేమవి నువ్వు అని. సంతలో నిన్ను చూసిన రోజు అంటూ ఎత్తుకుంటుంది. మధ్యలో మొగుణ్ణి పట్టుకుని "నా నేస్తమా, నా లేగదూడా" అంటుంది. గుర్రమెక్కి కత్తి కట్టుకుని తిరిగిన మనిషిని లేగదూడా అని! ప్రేమ నవలల్లో హీరోలు రోజుకి పదిసార్లు ఖుష్లా అన్నా నాకేం కాదు గానీ, ఈ లేగదూడ దగ్గర గొంతు పట్టేసింది.

ఇంకోటి, "ఐ లవ్ యూ" కూడా వాళ్ళు మనలాగే అంటారు. "నా దగ్గర ప్రేమ ఉంది నీకు" అని. ప్రేమించడం అనే పని చెయ్యరు, ప్రేమ ఉంటుంది. దిగులైతే మీద ఉంటుంది, ఆకలైనా మీదే ఉంటుంది. "నాకు నువ్వంటే ఇష్టం" అనే మన వాక్యంలోనూ చేసేవాడు లేడు. "నేను నిన్ను ప్రేమిస్తున్నాను" అనేది సినిమావాళ్ళు ఇంగ్లీషు నుంచి దించుకున్న సరుకు. చినుకు గారూ, ఆ నవలలో ఆ వాక్యం వస్తే దయచేసి "నువ్వంటే నాకిష్టం" అనే చెప్పండి పెద్దమ్మగారికి.

వేపపుల్ల:
ఒక క్లింట్ ఈస్ట్‌వుడ్ సినిమాలో బాక్సింగ్ చేసే అమ్మాయి కోటు వీపు మీద ఈ మాటే రాసి ఉంటుంది కదా. ఆస్కార్ కూడా వచ్చింది.

మేష్టారు:
వచ్చింది నాయనా, స్పెల్లింగ్ తప్పుతో సహా. "మిలియన్ డాలర్ బేబీ". సి పక్కన ఉండాల్సిన హెచ్ జారిపోయి ఎస్ పక్కన కూర్చుంది. ఐరిష్‌లో ఆ హెచ్ అక్షరం కాదు, పక్క హల్లు మెత్తబడిందని చెప్పే గుర్తు. పాత అచ్చులో హల్లు నెత్తిన చుక్క పెట్టేవారు, తర్వాత చుక్క తీసి హెచ్ పెట్టారు. అది తప్పిపోతే సంధి తప్పినట్టే. పైగా అక్కడ "మ" అని రాశారు, అంటే "నా". మనిషిని పిలిచేటప్పుడు "అ" రావాలి. "నా నాడి" అని చెప్పడం వేరు, "ఓ నాడీ" అని పిలవడం వేరు. చినుకు అడిగిన ప్రశ్నకి కీలకం అక్కడుందని నా ఉద్దేశం. ఆ మాటలో నాడి కన్నా ముందున్న "అ" ముఖ్యం. వెళ్ళిపోతున్న పిల్ల ఆగింది నాడికి కాదు, పిలుపుకి.

చినుకు:
మేష్టారూ, మీ ఆఖరి ముక్క పెద్దమ్మకి చదివి వినిపించాను. గసడదవలు వచ్చినప్పుడు నిద్రపోయింది, క్షమించండి. లేగదూడ దగ్గర లేచి కూర్చుంది.

"పెదనాన్న నిన్నేమని పిలిచేవాడు?" అని అడిగాను. చాలాసేపు ఆలోచించింది. పేరు పెట్టి ఎప్పుడూ పిలవలేదట. ఏమే అని కూడా అనలేదట. "వీధిలోంచి వస్తూ చెప్పులు విడిచి 'ఇదుగో' అనేవారు. వంటింట్లో నేను 'ఆఁ' అనేదాన్ని. నలభై రెండేళ్ళు అదే." ఒకసారి చెల్లెలి పెళ్ళిలో మాటా మాటా వచ్చి ఈవిడ రిక్షా ఎక్కి బస్టాండుకి వెళ్ళిపోయిందట. వెనకాల సైకిలు మీద వచ్చి, బస్సు కిటికీ కింద నిలబడి, ఆ జనంలో, "ఇదుగో" అన్నాడట. దిగిపోయిందట.

అప్పుడు తనే అంది, "ఆ ఐర్లండు అబ్బాయి చేత కూడా 'ఇదుగో' అనిపించు. ఆగుతుంది."

అనిపించాను. ఆగింది. తర్వాతి పేజీలో ముద్దు సీను ఉంది, దాన్ని మాత్రం పబ్‌ని దాటేసినట్టు దాటేద్దామనుకున్నాను. "రెండు పేజీలు ఒకేసారి తిప్పావు, చప్పుడు వినపడింది" అంది.