పదో తరగతి పిల్లాడికి వెరికోసిల్: లాప్రోస్కోపీ ఇప్పుడే చేయించాలా, ఆగాలా?

పత్తికొండ_నాన్న:
మా వాడికి 15 ఏళ్లు. ఎడమ వృషణం పైన నరాలు ఉబ్బి, చేతికి వానపాముల ముద్దలా తగులుతున్నాయి. నొప్పి లేదు. నాకు చెప్పడానికి సిగ్గుపడి వాళ్ల మామకు చెప్పాడు. కర్నూలులో స్కాన్ తీయిస్తే వెరికోసిల్, గ్రేడ్ 2 అని రాశారు. ఒక ప్రైవేటు సర్జన్ "ఆలస్యం చేస్తే రేపు పిల్లలు పుట్టరు, చిన్న రంధ్రాలు పెట్టి లాప్రోస్కోపీ చేస్తా, మర్నాడే ఇంటికి పోవచ్చు" అన్నాడు. ఇంకో డాక్టరు ఏమీ వద్దు, ఆగి చూద్దాం అన్నాడు. వాళ్లమ్మకు ఒకటే టెన్షన్. ఎవరి మాట వినాలి? చేయించాల్సి వస్తే గజ్జల్లో కోసే పాత పద్ధతి కన్నా ఇది నిజంగా మేలా, బిల్లు పెంచడానికేనా?

గుంతకల్_శీను:
ఆగొద్దన్నా. మా చిన్నాన్న కొడుక్కి ఇంటర్‌లో ఉండగా లాప్రోస్కోపీ చేశారు. వారం తిరిగేసరికి కాలేజీకి పోయినాడు. ఎట్లాగూ చేయించాల్సిందే కదా, చదువు ఒత్తిడి పెరగకముందే అయిపోతే మంచిది. పెళ్లిచూపులప్పుడు ఈ సంగతి బయటపడితే ఇంకా తలనొప్పి.

కడప_సర్జన్:
శీను గారూ, "ఎట్లాగూ చేయించాల్సిందే" అన్నదే ముందు తేలాలి. ఈడొచ్చిన మగపిల్లల్లో నూటికి 15 మంది దాకా వెరికోసిల్ ఉంటుంది. వాళ్లలో ఎక్కువమంది ఏ ఆపరేషనూ లేకుండానే తండ్రులవుతారు. పిల్లలు లేరని మా దగ్గరికి వచ్చే మగవాళ్లలో ఇది ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది, అది కూడా నిజమే. కానీ పదిహేనేళ్లకే ఆపరేషన్ చేస్తే తర్వాత పిల్లలు పుట్టే అవకాశం పెరుగుతుందని గట్టి రుజువు ఇప్పటికీ లేదు. అందుకే "పిల్లలు పుట్టరు" అని తండ్రిని బెదిరించి థియేటర్ బుక్ చేయడం నాకు నచ్చదు.

ఎడమవైపే ఎక్కువగా రావడానికి కారణం, ఆ వైపు సిర నేరుగా పైకెళ్లి మూత్రపిండపు సిరలో లంబంగా కలవడం. లోపలి కవాటాలు సరిగ్గా మూసుకోకపోతే రక్తం కిందికి జారి నిలుస్తుంది, వేడి పెరుగుతుంది. వృషణానికి ఒంటి వేడి కన్నా రెండు మూడు డిగ్రీలు తక్కువే సరిపడుతుంది.

పత్తికొండ నాన్న గారూ, గ్రేడ్ కన్నా ముఖ్యమైనది సైజు. గ్రేడ్ 2 అంటే నిలబడినప్పుడు చేతికి తగులుతుంది, కంటికి కనపడదు, అంతే. మీ రిపోర్టులో రెండు వృషణాల కొలతలు మిల్లీలీటర్లలో ఉన్నాయా? ఎడమది కుడిదానికన్నా 20 శాతానికి మించి, లేదా 2 మి.లీ. కన్నా ఎక్కువ చిన్నదై, ఆరు నెలల నుంచి ఏడాది తర్వాత కొలిచినా అట్లాగే ఉంటే అప్పుడు ఆపరేషన్ మాట. తగ్గని నొప్పి ఉన్నా, రెండు వైపులా ఉన్నా ఆలోచిస్తాం. ఈ వయసులో ఒకటి ముందు, ఒకటి వెనక పెరిగి తర్వాత సమానమైన పిల్లలు చాలామంది. ఒక్క కొలతతో కత్తి పట్టకూడదు.

ఇంకొకటి. వాపు కుడివైపు మాత్రమే ఉన్నా, పడుకున్నా తగ్గకపోయినా ఆగకుండా పొట్ట స్కాన్ తీయించాలి. మూత్రపిండం దగ్గర గడ్డ ఏదైనా సిరను నొక్కుతోందేమో చూడాలి.

ఆదోని_టీచరమ్మ:
డాక్టరు గారూ, "ఆరు నెలలాగి రండి" అన్న మాట మీ క్లినిక్‌లో బాగానే ఉంటుంది. మా వైపు పంట చేతికి రాని ఏడాది సగం ఊరు మిరప కోతలకు గుంటూరు పోతుంది, పిల్లల్ని బడి మాన్పించి మరీ. వచ్చాక స్కాన్‌కు డబ్బులుండవు, ఆడపిల్ల పెళ్లో బోరు అప్పో ముందుంటుంది. ఇట్లాంటి ఇంటి పిల్లాడిని "చూద్దాం" అని పంపితే మళ్లీ ఎవరు చూస్తారు? దొరికినప్పుడే చేసేస్తే ఒక పని అయిపోతుందిగా?

థియేటర్_బాషా:
అమ్మా, అదే మాట తిప్పి చూడండి. ఆపరేషన్ తర్వాత మాత్రం మళ్లీ రానక్కర్లేదా? నేను మత్తు డాక్టర్ల పక్కన టెక్నీషియన్‌గా పనిచేస్తా. లాప్రోస్కోపీ అంటే పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపాలి, పిల్లాడికి మామూలుగా పూర్తి మత్తు ఇవ్వాలి, గొంతులో గొట్టం, పక్కన ఊపిరిలో బయటికొచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే క్యాప్నోగ్రాఫ్. పెద్దాసుపత్రిలో ఇవన్నీ ఉంటాయి. చిన్న నర్సింగ్ హోముల్లో? నేను పనిచేసిన ఒక చోట మానిటర్ ఉండేది, దాని కేబుల్ ఉండేది కాదు. గజ్జల దగ్గర చిన్న కోతతో అయితే వెన్నుకు మత్తిచ్చి చేసేస్తారు, కరెంటు పోయినా గుండె ఆగదు మాకు.

కడప_సర్జన్:
బాషా గారి మాటలో న్యాయం ఉంది, కానీ పాత పద్ధతిని మరీ మోయకండి. భూతద్దం లేకుండా గజ్జల్లో కోస్తే అక్కడ సిరలు చాలా పాయలుగా ఉంటాయి. ఒకటి రెండు వదిలేస్తే జబ్బు మళ్లీ వస్తుంది. పైన పొట్టలో అవే రెండు మూడు సిరలుగా కలిసిపోయి ఉంటాయి, కెమెరాలో పెద్దగా కనిపిస్తాయి, మళ్లీ రావడం తక్కువ. రెండు వైపులా ఉంటే అవే రంధ్రాల నుంచి రెండూ కట్టొచ్చు. లాప్రోస్కోప్ కొత్తగా కొనాల్సిన పనీ లేదు, అపెండిక్స్‌కు, గాల్‌బ్లాడర్‌కు వాడేదే. ఖరీదైన క్లిప్పుల బదులు పట్టు దారంతో ముడి వేసినా సరిపోతుంది. బిల్లులో క్లిప్పుల లెక్క చూస్తే ఈ సంగతి అడగండి.

అసలు చిక్కు వేరే చోట ఉంది. 1949లో పలోమో అనే డాక్టరు రాసిన పద్ధతిలో (లాప్రోస్కోపీలోనూ ఇది వాడతారు) ధమని, సిర, ఒంట్లో ఊరే నీటిని తీసుకెళ్లే లింఫ్ నాళాలు అన్నీ కలిపి కట్టేస్తారు. సులువు, త్వరగా అవుతుంది. కానీ లింఫ్ పోయే దారి మూసుకుపోయి కొన్ని నెలలకు వరిబీజం రావచ్చు. ఇలా చేసినవాళ్లలో నూటికి పది చుట్టుపక్కల మందికి వస్తుంది. లింఫ్ నాళాలను విడదీసి వదిలేస్తే బాగా తగ్గుతుంది, దానికి చెయ్యి తిరిగుండాలి. టీచరమ్మ గారూ, గుంటూరు పోయిన పిల్లాడికి అక్కడ వరిబీజం వస్తే ఎవరికి చూపిస్తాడు?

అన్నిటికన్నా మంచి ఫలితాలు మైక్రోస్కోప్‌తో గజ్జల కింద చేసేదానికి ఉన్నాయి. మైక్రోస్కోప్, దాని మీద శిక్షణ రెండూ ఉన్న చోటు కోసం చాలామంది బెంగళూరో హైదరాబాదో పోతారు. కళ్లకు పెట్టుకునే భూతద్దం, లూప్ అంటారు, దాంతో చేసేవాళ్లు ఉంటే అదీ మేలే.

అనంత_రన్నర్:
సార్, మాలాంటోళ్ల సంగతి ఎవరూ మాట్లాడట్లేదు. ఆర్మీ ర్యాలీలో పరుగు గెలిచి, మెడికల్‌లో వెరికోసిల్ అని అన్‌ఫిట్ రాయించుకున్న స్నేహితులు నాకున్నారు. అగ్నివీర్‌కు పదిహేడున్నర ఏళ్లకే వెళ్లొచ్చు. రీమెడికల్, అంటే రెండోసారి వైద్య పరీక్ష, లోపల ఆపరేషన్ అయిపోవాలని అప్పు చేసి పరుగెత్తారు. వాళ్లకు సైజు, ఆరు నెలలు అంటే ఎట్లా?

కడప_సర్జన్:
అది వేరే లెక్క తమ్ముడూ. అక్కడ ఆపరేషన్ ఉద్యోగం కోసం. నేను చేస్తాను కూడా. కాగితం మీద "ఉద్యోగ వైద్య పరీక్ష కోసం" అని రాసి, వరిబీజం, మళ్లీ రావడం గురించి చెప్పి చేస్తాను. కానీ ఆ తొందరను పదో తరగతి పిల్లాడి మీదికి తేవద్దు.

ఆదోని_టీచరమ్మ:
నేనింకా పూర్తిగా ఒప్పుకోను. మీరు చెప్పినట్టు కొలిచి ఆగాలంటే ఆ కొలత ఊరి దగ్గర జరగాలి. పీహెచ్‌సీలో ఎవరు కొలుస్తారు?

కడప_సర్జన్:
ఆర్కిడోమీటర్ అని ఒకటుంది. దారానికి గుచ్చిన పూసలు, 1 నుంచి 25 మి.లీ. వరకు. పక్కన పెట్టి పోల్చి చూడటమే. స్కాన్ అంత కచ్చితం కాదు, చిన్న తేడాలు దొరకవు, కానీ ఎవరిని స్కాన్‌కు పంపాలో తెలుస్తుంది. కరెంటు అక్కర్లేదు. దీన్ని పీహెచ్‌సీల్లో పెట్టించమని అడగడం నాకు లాప్రోస్కోప్ కొనమని అడగడం కన్నా ముఖ్యంగా కనిపిస్తుంది.

పత్తికొండ_నాన్న:
అందరికీ దండాలు. రిపోర్టులో కొలతలు లేవని మళ్లీ తీయించా. కుడి 12, ఎడమ 10.5. అంటే తేడా 12.5 శాతం, అవునా సార్? వేసవి సెలవుల్లో మళ్లీ తీయిస్తా. అప్పటిదాకా వాడు కబడ్డీ ఆడొచ్చా?

కడప_సర్జన్:
లెక్క సరిగ్గానే ఉంది. ఆడనివ్వండి. లాగినట్టు అనిపిస్తే బిగుతు లోదుస్తులు వేసుకోమనండి. మళ్లీ స్కాన్ మాత్రం అదే సెంటర్లో తీయించండి. పొడవు, వెడల్పు, మందం గుణించి కొందరు 0.52తో, కొందరు 0.71తో హెచ్చిస్తారు. సెంటర్ మారితే పెరగని వృషణం కూడా కాగితం మీద పెరిగినట్టు కనిపిస్తుంది.