సెలవులు మురిగిపోయాయా, మురగబెట్టారా?

రెండో షిఫ్ట్:
అందరికీ నమస్కారం. ఒక మాట గురించి అడగాలి, కొంచెం పొడుగైపోద్దేమో, ఏమనుకోకండి.

డిసెంబర్ ఆఖరి వారంలో మా ఆఫీసులో అభిప్రాయ సేకరణ అని ఒక ఫారం పంచారు, అది ఇంగ్లీషులో ఉంటే మెషీన్ల దగ్గర పనిచేసేవాళ్ళ కోసం తెలుగులో రాసిపెట్టమని నాకు అంటగట్టారు, వీడు తెలుగు గ్రూపుల్లో తిరుగుతుంటాడు కదా అని. మూడే ప్రశ్నలు. ఈ ఏడు మీకున్న సెలవులన్నీ వాడుకున్నారా, పోలింగ్ రోజు సెలవు దొరికిందా, మొత్తమ్మీద ఏడాది ఎలా గడిచింది. మొదటిదాని కింద ‘లాప్స్ అయిన లీవులు ఎన్ని’ అని ఒక గడి ఉంది, దాన్ని నేను ‘రద్దయిన సెలవులు’ అని రాశా. కాగితాలు తిరిగొచ్చాక చూస్తే చాలామంది ఆ గడి ఖాళీగా వదిలేశారు. ఒకాయన మాత్రం నా ‘రద్దయిన’ మీద అడ్డంగా గీత కొట్టి, పైన నీలం పెన్నుతో ‘మురిగిపోయిన’ అని రాసి, గడిలో 9 వేసి, ఆ 9 చుట్టూ కాగితం చిరిగేంత గట్టిగా రెండు సార్లు సున్నా చుట్టాడు.

అప్పట్నుంచి ఆ మాట బుర్రలోంచి పోవట్లేదు. సెలవులు మురిగిపోయాయి అంటాం, ఓడిపోయేవాడికి వేస్తే ఓటు మురిగిపోద్ది అంటాం, నిధులు మురిగిపోయాయి అని పేపర్లో చదువుతూనే ఉంటాం. కానీ ఏడాది మురిగిపోయింది అని ఎవరూ అనగా నేను వినలేదు. ఏడాది దండగైపోద్ది, గడిచిపోద్ది, ఇంకా బాగోకపోతే ‘ఎలాగో గట్టెక్కింది’ అంటాం. ఎందుకంటారు? అసలు ఈ మురగడం, కాలవలో మురుగు ఒకటేనా, వేరే మాటా?

ప్రూఫు చూసే మనిషి:
ఒకటే తమ్ముడూ. మురుగు కాలవ, మురిగిన గుడ్డు, మురిగిపోయిన సెలవు, మూడూ ఒక్క ధాతువే. (చేతికేసుకునే మురుగులు మాత్రం వేరు, ఎవరో ఒకరు వాటిని ఇక్కడికి లాక్కొస్తారని ముందే చెప్తున్నా.)

కుళ్ళడానికీ మురగడానికీ తేడా చూడు. పండు చెట్టుమీదే పురుగు పట్టి కుళ్ళొచ్చు. మురగాలంటే మాత్రం కదలకుండా ఒకచోట పడి ఉండాలి. నీళ్ళు పారినంతసేపూ మురగవు, నిలిస్తే మురుగుతాయి. పొదిగితే పిల్లయ్యే గుడ్డు ఊరికే వదిలేస్తే మురుగుతుంది. అంటే వాడాల్సిన టైములో వాడక పాడైపోవడం, సెలవుకి ఇంతకంటే సరిపోయే మాట ఏముంది? దీని ముందు దశకి కూడా మనకి మాటుంది, మూలగడం. బ్యాంకులో డబ్బు మూలుగుతోంది అన్నట్టే ‘నాకింకా 12 సెలవులు మూలుగుతున్నాయి’ అంటారు వినే ఉంటావు. డిసెంబర్ 31 దాకా మూలుగుతాయి, ఆ రాత్రి దాటితే మురుగుతాయి. నువ్వు రాసిన ‘రద్దు’ తప్పే, రద్దు అంటే ఎవరో ఆర్డరేసి కొట్టేయాలి, ఇక్కడ ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదు, క్యాలెండరు మారితే చాలు.

ఏడాదికి ఎందుకు వాడమో కూడా ఇందులోనే ఉంది. మురగాలంటే నిలవాలి, కాలం ఎక్కడ నిలుస్తుంది.

వ్యాకరణం అంటే భయం:
సార్, ‘ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదు’ అన్నారు చూడండి, నా గొడవంతా దాంతోనే. మురిగిపోయాయి అనేది అకర్మకం, అవే మురిగిపోయినట్టు, ఎవరి చెయ్యీ లేనట్టు. కానీ తెలుగులో ‘మురగబెట్టు’ అని ఇంకో క్రియ కూడా ఉంది కదా, ఫైళ్ళు మురగబెట్టారు, డబ్బు మురగబెట్టారు అంటాం. ఎండు – ఎండబెట్టు, మగ్గు – మగ్గబెట్టు, అలాగే మురుగు – మురగబెట్టు. సెలవుల దగ్గరకి వచ్చేసరికి మాత్రం ఆ ‘పెట్టు’ ఎగిరిపోద్ది. రెండో షిఫ్ట్ గారూ, ఆ 9 వేసినాయన సెలవు చీటీ పెట్టకుండా ఊరుకున్నాడా, పెడితే ఇవ్వలేదా, అది చెప్పండి ముందు.

రెండో షిఫ్ట్:
అడిగా అండి. మూడు సార్లు పెట్టాడంట. మొదటిసారి ఆర్డరు అర్జంటు అన్నారు, రెండోసారి పక్క మెషీన్ వాడు సెలవులో ఉన్నాడు నువ్వూ పోతే ఎలా అన్నారు, మూడోసారి ‘చూద్దాంలే’ అన్నారు. ‘చూద్దాంలే’ అంటే ఏంటో మీ అందరికీ తెలుసు కదా.

వ్యాకరణం అంటే భయం:
మరింకేం, అవి మురగబెట్టిన సెలవులు. ఇది నేనేదో తెలివిగా అంటున్నది కాదు, కోర్టులో కూడా ఇదే తేడా మీద వాదన నడిచింది. యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2018 నవంబర్‌లో తేల్చింది, పనివాడు అడగలేదు కాబట్టి సెలవు పోయింది అంటే చెల్లదు, నీకు ఇన్ని సెలవులు ఉన్నాయి ఫలానా తేదీలోపు వాడుకో లేకపోతే పోతాయి అని యజమాని స్పష్టంగా చెప్పి వాడుకునే వీలు కల్పించానని తనే చూపించాలి అని. మన వ్యాకరణంలో చెప్పాలంటే కర్త ఎవరో యజమానే నిరూపించుకోవాలి. ‘మురిగిపోయాయి’ అని తప్పించుకోవడం కుదరదు.

రోజు లెక్క:
ఇదంతా బానే ఉంది అన్నయ్యా కానీ మురగడానికైనా ఉండాలి కదా. మా నాన్న రోజు కూలీ, ఆయన నోట సెలవు అనే మాట నేనెప్పుడూ వినలేదు, ఆయనకి ఉన్నది ‘నాగా’. జ్వరం వస్తే నాగా, చుట్టాలింట్లో పెళ్ళయితే నాగా, వానొస్తే పనే లేదు అదీ నాగానే. సెలవు అంటే ఒకరు ఇచ్చేది, నాగా అంటే మనం పోగొట్టుకునేది. పోలింగ్ రోజు అందరికీ సెలవు అని టీవీలో చెప్తుంటే ఆయన లెక్కపుస్తకంలో ఆ తేదీ పక్కన ‘నా’ అని ఒక్క అక్షరం రాసుకుని వెళ్ళి ఓటేసొచ్చేవాడు. ఆ పుస్తకంలో ఏడాది మొత్తం ఎలా గడిచిందో ‘నా’లు లెక్కపెడితే తెలిసిపోద్ది, మీ మూడో ప్రశ్న అడగక్కర్లేదు.

ప్రూఫు చూసే మనిషి:
ఇది చాలా మంచి మాట తెచ్చావు. నాగా ఉర్దూ నుంచి వచ్చింది, ఆఫీసు వాళ్ళకి ‘డుమ్మా’ ఎలాగో కూలీ మనిషికి నాగా అలాగ అనుకుంటారు కానీ కాదు, డుమ్మాలో సరదా ఉంది, నాగాలో లేదు. జీతంతో సెలవు అనేది అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందంగా 1936లో రాసుకున్నప్పుడు ఏడాదికి 6 పనిదినాలు అన్నారు, 1970లో దాన్ని మూడు వారాలు చేశారు. ఏదైనా ఒక చోట కొన్నాళ్ళు కుదురుగా పనిచేసిన వాడికే ఆ లెక్క. రోజుకో చోట పనిచేసేవాడి దగ్గరకి వచ్చేసరికి సెలవు మళ్ళీ నాగా అయిపోతుంది.

అదే 1970 ఒప్పందంలో ఇంకోటుంది, కనీస సెలవుని డబ్బుకి వదులుకుంటానని రాసిచ్చినా అది చెల్లదు. మనమేమో ‘లీవులు అమ్ముకున్నా’ అని దర్జాగా చెప్పుకుంటాం. ‘ఓటు అమ్ముకున్నా’ అని అంతే దర్జాగా చెప్పమనండి చూద్దాం, క్రియ ఒక్కటే!

పద్యం పిచ్చి:
ఓటు సంగతి ఎవరూ ముట్టుకోవట్లేదు. ‘ఓడిపోయేవాడికి వేస్తే ఓటు మురిగిపోద్ది’ అనేది నాకు చిన్నప్పట్నుంచీ ఒళ్ళుమంట. పైన సార్ చెప్పిన అర్థం ప్రకారమే చూద్దాం, కదలకుండా పడున్నది కదా మురిగేది? వేసిన ఓటు పెట్టెలోకి వెళ్ళింది, లెక్కలోకి వచ్చింది, ఓడినవాడికి ఎన్నొచ్చాయో గెలిచినవాడికి కూడా తెలిసింది, అది పారిన నీరు. మురిగింది అంటే సెలవు తీసుకుని ఇంట్లో పడుకున్నవాడి ఓటు. ఇంక మూడో రకం చెల్లని ఓటు, అది వేరే. ఈ మూడింటినీ కలిపేసి మురిగిపోద్ది మురిగిపోద్ది అని భయపెట్టేది ఎవరు, గెలుస్తామనుకునే వాళ్ళే కదా.

ఈ సందర్భంలో వేమన పద్యం గుర్తొస్తోంది,
పదుగురాడుమాట పాడియై ధరఁ జెల్లు
నొక్కఁడాడుమాట యెక్కదెందు
ఇందులో ‘చెల్లు’ చూడండి. పదిమంది అన్నది న్యాయం అని చెప్పట్లేదు వేమన, న్యాయమై ‘చెల్లుతుంది’ అంటున్నాడు, నాణెం చెల్లినట్టు. చాలామంది దీన్ని ప్రజాభిప్రాయానికి పొగడ్త అనుకుని ఉపన్యాసాల్లో వాడేస్తారు, నాకైతే దెప్పుడులాగే వినిపిస్తుంది. రెండో షిఫ్ట్ గారి ఫారాల కట్టలో కూడా అదే జరిగింది, పదుగురూ గడి ఖాళీగా వదిలారు, మాట ఆడింది ఒక్కడు. రిపోర్టులో ఏది చెల్లుద్దంటారు?

వ్యాకరణం అంటే భయం:
పద్యం బాగుంది అక్కా, కానీ వేసిన ఓటు మురగదు అన్నదాని మీద చిన్న పేచీ. 2002లో టర్కీలో 10 శాతం ఓట్లు రాని పార్టీకి సీట్లు లేవు అనే రూలుతో ఎన్నిక జరిగితే ఆ గీత దాటినవి రెండే పార్టీలు, దాదాపు 45 శాతం ఓట్లకి ఒక్క పార్టీ సీటు కూడా పుట్టలేదు. వాళ్ళు ఇంట్లో పడుకోలేదు, వెళ్ళి లైన్లో నిలబడి వేసొచ్చారు. దాన్ని ఏమంటారు మరి?

పద్యం పిచ్చి:
నీ మాటే నీకు చెప్తా తమ్ముడూ, మురగబెట్టారు అంటా.

వ్యాకరణం అంటే భయం:
😀 దొరికిపోయా.

ప్రూఫు చూసే మనిషి:
అమ్మా, చెల్లు అనగానే ఇంకోటి చెప్పాలనిపించింది. తమిళంలో ‘సెల్’ అంటే వెళ్ళు, అందులోంచే వాళ్ళ ‘సెలవు’, అర్థం ఖర్చు. మన చెల్లు దానికి చుట్టమే. 1852 నాటి బ్రౌన్ నిఘంటువులో మన సెలవుకి కూడా అనుమతి అనే అర్థంతో పాటు ఖర్చు అనే అర్థం ఉంది. ‘ఇక సెలవు’ అని వెళ్ళిపోతాం, ‘వెళ్ళడానికి సెలవివ్వండి’ అంటాం, పెద్దవాళ్ళు మాట్లాడితే ‘సెలవిచ్చారు’ అంటాం, ఇన్నింటి అడుగునా ఉన్నది పోవడం, సాగనివ్వడం. అంటే సెలవు పుట్టిందే కదలడానికి. అలాంటి మాట పక్కన ‘మురిగిపోవడం’ తెచ్చి పెట్టాడు చూడు ఆ నీలం పెన్ను పెద్దమనిషి, వెళ్ళాల్సింది నిలిచిపోయింది అని రెండే మాటల్లో చెప్పేశాడు. నేను 30 ఏళ్ళుగా ప్రూఫులు దిద్దుతున్నా, నా దిద్దుబాట్లలో ఇంత మంచిది ఒక్కటి కూడా లేదు, ఒప్పుకుంటున్నా.

రెండో షిఫ్ట్:
ఆయనకి చూపిస్తా సార్ ఇది, చాలా సంతోషిస్తాడు.

ఇంకో చిన్నది, మూడో ప్రశ్నలో ‘గత సంవత్సరం ఎలా గడిచింది’ అని రాశా, డిసెంబర్‌లో ఇచ్చాం కాబట్టి సగం మంది అయిపోతున్న ఏడాది గురించీ సగం మంది దాని ముందుదాని గురించీ రాశారు. ఒకాయనైతే ‘గతకాలము మేలు వచ్చుకాలము కంటెన్’ అని రాసి సంతకం పెట్టాడు.

పద్యం పిచ్చి:
అయ్యయ్యో, అది నన్నయ భారతంలో పాండురాజు పోయాక వ్యాసుడు తల్లితో అనే మాట. మీ ఆఫీసులో అంత ఘోరం ఏం జరిగిందండీ?

ప్రూఫు చూసే మనిషి:
‘గత’ వాడితే ఇంతే. జరుగుతున్నదానికి ఈ ఏడు, దాని ముందుదానికి నిరుడు, ఇంకా ముందుదానికి ముందటేడు, మూడూ మనకి ఉన్నవే, తడుముకోనక్కర్లేదు. నీ ఫారానికి ‘ఈ ఏడు’ చాలు.

రెండో షిఫ్ట్:
సరే సార్. వచ్చేసారికి ఫారం మార్చా, ‘ఈ ఏడు మురిగిపోయిన సెలవులు ఎన్ని’ అని పెట్టా. నిన్న పైవాళ్ళు చూసి మాట బాగోలేదు, మర్యాదగా లేదు, వాసనొస్తోంది అన్నారు, నిజంగా వాసనొస్తోంది అనే అన్నారు. తీసేసి ‘వాడుకోని సెలవులు’ అని పెట్టమంటున్నారు. ఏం చెయ్యమంటారు?

వ్యాకరణం అంటే భయం:
చూశారా మళ్ళీ, ‘వాడుకోని’ అంటే ఇప్పుడు కర్త దొరికాడు, పనివాడే! వాడే వాడుకోలేదంట.

రోజు లెక్క:
మురిగిపోయినే ఉంచండి అన్నయ్యా, వాసన రావాలి కదా.

ప్రూఫు చూసే మనిషి:
గొడవెందుకు, వాళ్ళు చెప్పిన మాటే ఉంచి రెండక్షరాలు చేర్చు. ‘వాడుకోనివ్వని సెలవులు’. అడిగితే నా పేరు చెప్పు, అచ్చుతప్పు అంటా.

రెండో షిఫ్ట్:
చేర్చి పంపా సార్. ప్రింటు అయ్యొచ్చేసరికి ఉంటుందో లేదో ఇక్కడే చెప్తా.