షెడ్డులో గ్యాస్ హీటర్: బయటి గాలి తప్పనిసరా?

జీడిమెట్ల_షెడ్డు:
పెయింట్ ఆరబెట్టడానికి 100 కిలోవాట్ల గ్యాస్ హీటర్ పెట్టాం. డ్రాఫ్ట్ హుడ్ (పొగ గొట్టం మొదట్లో గది గాలికి తెరిచి ఉండే టోపీ) రకం, పైపు గ్యాస్. షెడ్డు 20 మీటర్ల పొడవు, 12 వెడల్పు, 5 ఎత్తు. బర్నర్‌కి గాలి లోపల్నుంచే. కన్సల్టెంట్ గోడకి రంధ్రాలు కొట్టి బయటి గాలి ఇవ్వమంటున్నాడు. ఇంత షెడ్డుకి అవసరమా అండీ?

చర్లపల్లి_మెయింటెనెన్స్:
అక్కర్లేదు. అమెరికా వాళ్ల గ్యాస్ భద్రతా ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 54 ప్రకారం కిలోవాట్‌కి సుమారు 4.8 ఘనపు మీటర్ల చోటుంటే చాలు. మీకు కావాల్సింది 480, ఉన్నది 1200. కన్సల్టెంట్లకి గోడలు పగలగొట్టించడం సరదా.

బాలానగర్_బర్నర్:
అన్నా, ఆ లెక్క వెనకున్న షరతు వదిలేశావు. గోడల సందుల్లోంచి గంటకి కనీసం షెడ్డు పరిమాణంలో 0.4 వంతు గాలి లోపలికి వస్తుందని నమ్మి వేసిన లెక్క అది. ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఉంటే అది చెల్లదు.

ఒక ఘనపు మీటరు గ్యాస్ మండటానికి దాదాపు 9.5 ఘనపు మీటర్ల గాలి కావాలి. 100 కిలోవాట్లంటే గంటకి 10 ఘనపు మీటర్ల గ్యాస్. కొంత ఎక్కువ గాలి కలిపినా 120 దాటదు. పెద్ద ఫ్యాన్ ఒక్కటే గంటకి వేల ఘనపు మీటర్లు లాగేస్తుంది. షట్టర్ దించితే అంత గాలి ఎక్కణ్నుంచి రావాలి? చిమ్నీలోంచి వెనక్కి. దాంతోపాటు పొగ కూడా. ఆ పొగలో ఉండే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. గ్యాస్ లీకైతే ముక్కుకి తెలుస్తుంది, ఇది తెలియదు.

జీడిమెట్ల_షెడ్డు:
ఫ్యాన్లు ఉన్నాయి. రాత్రి షిఫ్టులో చప్పుడని పక్కవాళ్లు గొడవ చేస్తే షట్టర్ దించేస్తాం.

చర్లపల్లి_మెయింటెనెన్స్:
ఫ్యాన్ల సంగతి ముందు చెప్పలేదుగా. అయినా రంధ్రం పెడితే దుమ్మొచ్చి తడి పెయింట్ మీద పడుతుంది. కుర్రాళ్లు గోనెసంచి కుక్కేస్తారు, చూస్తూ ఉండండి.

బాలానగర్_బర్నర్:
కుక్కుతారు, నిజమే. అందుకే గాలి ఒత్తిడి పడిపోతే బర్నర్ ఆగేలా స్విచ్ పెట్టించండి. రంధ్రాలు రెండు: ఒకటి నేల దగ్గర, ఒకటి కప్పు దగ్గర, నేరుగా బయటికి. ఒక్కోదానికి 550 చదరపు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. రంధ్రానికి బిగించే లూవర్ (వాలు జాలీ) రేకులు ఆక్రమించే చోటు తీసేసి కొలవండి. ఫ్యాన్లు లాగే గాలికి దారి వేరే ఇవ్వాలి, ఈ రంధ్రాలు దానికి చాలవు. దుమ్ము అంత బెడదైతే బయటి గాలి పైపుతోనే వచ్చే సీల్డ్ బర్నర్ కొనండి, ధర ఎక్కువే.

జీడిమెట్ల_షెడ్డు:
వెనక గోడకి పెట్టొచ్చా? అటు థిన్నర్ డ్రమ్ములుంటాయి.

బాలానగర్_బర్నర్:
వద్దు. థిన్నర్ ఆవిరి నేరుగా బర్నర్‌లోకి వెళ్తుంది. ముందు డ్రమ్ములు జరపండి.