కారణాంకం చూపించకుండా ‘ఇది ప్రధాన సంఖ్య కాదు’ అంటే ఒప్పుకోవాలా?

గుణకారం: 2⁶⁷ − 1 సంగతే చూడండి. పూర్తిగా రాస్తే 14,75,73,95,25,89,67,64,12,927. ఫ్రెంచ్ గణితజ్ఞుడు మెర్సెన్ 1644లో దీన్ని ప్రధాన సంఖ్యల జాబితాలో పెట్టాడు. 1876లో మరో గణితజ్ఞుడు లూకాస్ కాదని తేల్చాడు, కానీ ఒక్క కారణాంకం కూడా చూపించలేదు. 1903లో ఫ్రాంక్ కోల్ 19,37,07,721 × 7,61,83,82,57,287 అని రాసి చూపించాడు. నన్నడిగితే అసలు పని జరిగింది 1903లోనే. ఇంట్లో దొంగ ఉన్నాడని చెప్పి, ఎవరో చెప్పకపోతే ఏం లాభం?

శేషం_సున్నా: రుజువు రుజువేనండీ. 91 తీసుకోండి. అది ప్రధాన సంఖ్య అయితే 2⁹⁰ని దానితో భాగించినప్పుడు శేషం 1 రావాలి, ఇది ఫెర్మా సిద్ధాంతం. ఇప్పుడు 2¹² అంటే 4096, అంటే 91 × 45 + 1. శేషం 1. కాబట్టి 2⁸⁴కీ శేషం 1. ఇక మిగిలింది 2⁶, అంటే 64. శేషం 1 రావాల్సిన చోట 64 వచ్చింది, 91 ప్రధాన సంఖ్య కాదు. ఇందులో 7 × 13 ఊసెక్కడైనా వచ్చిందా?

కొత్త_సభ్యుడు: మరి శేషం 1 వస్తే ప్రధాన సంఖ్య అయినట్టేనా?

శేషం_సున్నా: కాదు. 341 అంటే 11 × 31, అయినా 2³⁴⁰కి శేషం 1 వస్తుంది. ఈ పరీక్షలో ఫెయిలైతే సంయుక్త సంఖ్య అని ఖాయం. పాసైతే ఏమీ ఖాయం కాదు.

గుణకారం: 91కి ఎవరైనా చేస్తారు. 21 అంకెల సంఖ్యతో చేతిలెక్క చేస్తూ మధ్యలో ఒక్క శేషం తప్పితే? మెర్సెన్ జాబితాలో 2 మీది ఘాతాలు చూస్తే 67, 257 తప్పుగా చేరాయి, 61, 89, 107 జారిపోయాయి. పెద్ద సంఖ్యల విషయంలో పెద్దవాళ్లే బోల్తా పడ్డారు. కోల్ ఇచ్చిన రెండు సంఖ్యల్ని ఎవరైనా కాగితం మీద గుణించి చూసుకోవచ్చు. లూకాస్‌ని నమ్మాలంటే ఆయన లెక్కంతా మొదట్నుంచీ మళ్లీ చేయాలి.

పాత_పలక: పాయింట్ బాగుంది. కాకపోతే అది సరిచూసుకోవడం ఎంత తేలికన్న సంగతి. రుజువు నిలుస్తుందా లేదా అన్నది వేరు. పైగా కోల్ కారణాంకాల్ని చూసి ముచ్చటపడాల్సిన విషయం ఇంకోటుంది. 2⁶⁷ − 1కి ఏ ప్రధాన కారణాంకం ఉన్నా, దాన్ని 134తో, అంటే 2 × 67తో, భాగిస్తే 1 మిగలాలి. 19,37,07,721లోంచి 1 తీసేసి 134తో భాగించండి, సరిగ్గా 14,45,580 వస్తుంది.

శేషం_సున్నా: 2ని 10,48,576వ ఘాతానికి పెంచి 1 కలిపితే 3,15,653 అంకెల ఫెర్మా సంఖ్య వస్తుంది. అది సంయుక్తమని 1980లలోనే తేలింది. కారణాంకం మాత్రం ఒక్కటీ దొరకలేదు. గుణకారం గారి లెక్కన ఆ సంఖ్య గురించి మనకేమీ తెలియనట్టేనా?

గుణకారం: ఏమీ తెలియదని నేననలేదు. సందేశాల్ని రహస్య సంకేతాలుగా మార్చే ఆర్‌ఎస్‌ఏ ఎన్‌క్రిప్షన్ నడిచేదే ఈ తేడా మీద. అందులో వాడే సంఖ్య సంయుక్తమని అందరికీ తెలుసు, కారణాంకాలే చేతికి చిక్కవు. రెండూ ఒకటే అయితే అది ఒక్క రోజు కూడా నిలబడదు.

పాత_పలక: దానివల్ల తెలిసేది కారణాంకాలు కనుక్కోవడం కష్టమని. మీరు అడిగింది ఒప్పుకోవాలా అని. ఆ 3,15,653 అంకెల సంఖ్య ప్రధానం కాదని ఒప్పుకుంటారా, ఒప్పుకోరా?

గుణకారం: వేర్వేరు కంప్యూటర్ల మీద విడివిడిగా చేసినా అదే శేషం వస్తే ఒప్పుకుంటా. కోల్ విషయంలో మాత్రం ఆ షరతు పెట్టాల్సిన పనే లేదు.