మూడో జార్జి రాజుది పోర్ఫిరియానా, మానసిక వ్యాధా?

పాతపుటలు:
బ్రిటన్ రాజు మూడో జార్జికి 1788లో మతి చలించింది. నిద్ర పట్టేది కాదు, మాటలు మొదలుపెడితే ఆపేవాడు కాదు. 1801లో, 1804లో తిరగబెట్టింది. 1810లో ముద్దుల కూతురు అమీలియా పోయిన ఏడాది వచ్చింది మాత్రం ఇక తగ్గలేదు. 1966లో ఐడా మెకాల్పిన్, రిచర్డ్ హంటర్ అనే తల్లీకొడుకులు, ఇద్దరూ సైకియాట్రిస్టులే, ఇది పిచ్చి కాదు, పోర్ఫిరియా అన్నారు. రక్తానికి కావలసిన హీమ్ అనే పదార్థం తయారీలో లోపం వల్ల వచ్చే వంశపారంపర్య జబ్బు అది. కడుపునొప్పి, కాళ్లలో బలహీనత, మూత్రం రంగు మారడం అన్నీ రాజవైద్యుల రాతల్లో ఉన్నాయి. నాకైతే ఇదే సరిపోతుందనిపిస్తోంది.

టెస్ట్‌ట్యూబ్:
నా ఓటూ దానికే. 2005లో ఆయన జుట్టును పరీక్షిస్తే ఆర్సెనిక్ విపరీతంగా బయటపడింది. రాజు కాలంలో వాంతులు చేయించడానికి ఆంటిమొనీ అనే మూలకంతో చేసిన మందు ఇచ్చేవారు, అందులో ఆర్సెనిక్ కలిసి ఉండేది. పోర్ఫిరియా ఉన్నవాళ్లలో ఆర్సెనిక్ జబ్బును రెచ్చగొడుతుంది. నయం చేద్దామని ఇచ్చిన మందే ముంచి ఉండవచ్చు.

నీలిసిరా:
జుట్టులో దొరికింది ఆర్సెనిక్, పోర్ఫిరియా కాదు కదా. మూత్రం నీలంగా కనిపించడానికి ఆయనకిచ్చిన జెన్షియన్ అనే మొక్క మందు కారణం కావచ్చని తర్వాత వైద్య పరిశోధకుడు టిమొతీ పీటర్స్ వాదించారు. కాళ్ల సంగతీ అంతే. ఆ కాళ్ల మీద ఆవాలతో, కాంథరైడ్స్ అనే పురుగుల పొడితో కావాలని బొబ్బలెక్కించారు. అలాంటి కాళ్లు నొప్పెట్టక ఏం చేస్తాయి? వైద్యం తెచ్చిన బాధను జబ్బు లక్షణంగా లెక్కేస్తున్నాం. జబ్బు ముదిరినప్పుడు రాసిన ఉత్తరాలు చూడండి. ఒక్కో వాక్యం 400 పదాలు, ఆగకుండా పరుగు. నాకు మేనియానే, అంటే మనసు అదుపు తప్పి ఉరకలెత్తే స్థితే, కనిపిస్తోంది.

ఇంకో మాట. మా అన్నయ్యకు బైపోలార్ ఉంది, మేనియా, కుంగుబాటు మారి మారి వచ్చే మానసిక వ్యాధి. "అది పిచ్చి కాదు, ఒంట్లో జబ్బు" అని రాజును కాపాడినట్టు మాట్లాడితే నాకు బాధేస్తుంది. మానసిక వ్యాధి అయితే మాత్రం ఆయన పరువు ఎందుకు పోవాలి?

పాతపుటలు:
ఆ మాట నేనే అన్నాను, క్షమించండి. బొబ్బల సంగతి నేను ఆలోచించలేదు, కాళ్ల నొప్పిని నా వాదనలోంచి తీసేస్తున్నాను. కానీ 1972లో విమాన ప్రమాదంలో చనిపోయిన గ్లోస్టర్ యువరాజు విలియం కూడా ఆ వంశం వాడే. ఆయనకు పోర్ఫిరియా ఉందని వైద్యులే నిర్ధారించారు. దాన్ని ఎలా పక్కన పెట్టమంటారు?

నీలిసిరా:
పక్కన పెట్టమనను. కానీ ఇద్దరి మధ్య ఎన్ని పెళ్లిళ్లు, ఎన్ని వేరే రాజవంశాల రక్తం! ఆ జన్యువు విలియంకు జార్జి నుంచే వచ్చిందని ముందు చూపించాలి.