ఇన్‌లైన్ ఫంక్షన్‌ను పాయింటరుగా పంపితే లింకు దగ్గర ఆగిపోతోంది

అందరికీ నమస్కారం. గుంటూరు మిర్చి యార్డులో నాన్నగారి కమీషన్ కొట్టు కోసం టిక్కీల (మిర్చి బస్తాల) తూకాలను వరుసలో పేర్చే ప్రోగ్రామును సీ భాషలో రాస్తున్నాను. తూకాలను పోల్చే ఫంక్షన్‌ను హెడర్‌లో (పలు ఫైళ్లు కలుపుకొనే ఫైలులో) ఒట్టి ఇన్‌లైన్‌గా (పిలిచిన చోటే కోడ్‌ను పరచమనే సూచనతో) రాసి, వరుసలో పేర్చే లైబ్రరీ ఫంక్షన్ క్యూసార్ట్‌కు పాయింటరుగా, అంటే దాని చిరునామాగా, పంపాను. కంపైలర్ జీసీసీ, ఫైళ్లను కలిపే లింకు దశలో ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’ (నిర్వచనం దొరకలేదు) అంటోంది.

సీ భాష 1999 ప్రమాణం ప్రకారం ఒట్టి ఇన్‌లైన్ వల్ల బయటికి కనిపించే నిర్వచనం ఏర్పడదు. చిరునామా దొరకనిది అందుకేనని అర్థమైంది. స్టాటిక్ (ఆ ఫైలుకే పరిమితం అనే మాట) చేర్చగానే లోపం పోయింది. కానీ ఇప్పుడు ప్రతి ఫైలుకూ విడి నకలు, విడి చిరునామా! పాయింటర్లను పోల్చి ఏ క్రమమో గుర్తించే నా కోడ్ తప్పు జవాబు ఇస్తోంది. రెండు రాత్రులు దీనికే సరిపోయాయి.

స్టాటిక్ తీసేసి, ఒకే ఒక సీ ఫైలులో ‘ఎక్స్‌టర్న్ ఇన్‌లైన్’ ప్రకటన పెడితే చాలా? క్యూసార్ట్ ముందే కంపైలైన లైబ్రరీలో ఉంది కదా, అక్కడ నా ఫంక్షన్ ఎప్పటికైనా ఇన్‌లైన్ అవుతుందా? తెలిసినవారు దయచేసి చెప్పండి.